కళ్ళెం తీసిన చెయ్యి

ఆయన పోయిన సంగతి నాకు బెంగళూరు ఎస్.పి. రోడ్డులో గ్రాఫిక్స్ కార్డు కొనబోయినప్పుడు తెలిసింది. ఇంట్లో కంప్యూటర్ పాతబడింది, బొమ్మ నిలిచి నిలిచి కదులుతోంది. ఏది కొనాలో, అసలు కొనాలో వద్దో ఆయన చెప్తారని కుందలహళ్ళి నుంచి రెండు బస్సులు మారి వెళ్ళాను. అంగడిలో ఆయన కూర్చునే మూల స్టూలు మీద ప్రింటర్ల అట్టపెట్టెలు పేర్చి ఉన్నాయి. "అన్న ఏరీ?" అని అడిగాను. అంగడాయన పెట్టె మీద దుమ్ము దులుపుతూ, "ఆయప్ప పోయి ఇరవై దినాలాయ మేడం. గుండెనొప్పి. మీకు తెలీదా?" అన్నాడు.

నాకు తెలీదు. నాకు ఎవరు చెప్తారు? కబురు పంపాలని ఆ ఇంట్లో ఎవరికైనా తోచేంత దగ్గరతనం నేనెప్పుడూ చూపించలేదు.

"ఏ కార్డు ఇయ్యల్ల?" అంటూ అంగడాయన రెండు పెట్టెలు ముందు పెట్టాడు, పాత రకం ఒకటి, కొత్త రకం ఒకటి. రెంటికీ తేడా ఎంత అన్నాను. "కొత్తది కొత్తదే కదా మేడం" అన్నాడు. ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. ఆ స్టూలు మీద ఆయనుంటే ఆ జవాబు వచ్చేది కాదు. పెట్టెలు అక్కడే వదిలేసి, ఆయన ఇల్లెక్కడో మాత్రం అడిగి రాసుకుని బయటికొచ్చేశాను.

ఆయన పేరు ఇక్కడ రాయను. ఆ పేరు అచ్చులో చూసుకోవడం ఆయనకెంత ఇష్టమో నాకు తెలుసు. అది అచ్చులోంచి పోవడంలో నా చెయ్యి ఎంతుందో కూడా తెలుసు. అందుకే ఆ పేరు పెట్టడానికి మనసొప్పడం లేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మేమిద్దరం ఒక ఇంగ్లీషు కంప్యూటర్ పత్రికలో పని చేసేవాళ్ళం. రిచ్‌మండ్ టౌన్‌లో పాత బంగళా, మేడ మీద ఆఫీసు, వెనక వైపు గది మా ల్యాబు. తెర మీద బొమ్మ గీసేది గ్రాఫిక్స్ కార్డు. సెకనుకు ఎన్ని బొమ్మలు గీస్తే దానికంత సత్తా. నెలనెలా మార్కెట్లోకి వచ్చిన కొత్త కార్డుల్ని పాతవాటితో పోల్చి, డబ్బు పెట్టొచ్చా లేదా అని పాఠకులకు చెప్పడం మా పని. ఆయన కొలిచేవారు, నేను రాసేదాన్ని. అంతకుముందు ఆయన టీవీలు బాగు చేసేవారు. ఇంగ్లీషు చదివితే సగం అర్థమయ్యేది. నాకు ఇంగ్లీషు వచ్చు, స్క్రూ తిప్పడం రాదు. పేజీ అడుగున చిన్న అక్షరాల్లో రాసింది ఫలానా అని నా పేరు, కొలిచింది ఫలానా అని ఆయన పేరు పడేవి.

ఆ ఆఫీసులో తెలుగు మాట్లాడేది మేమిద్దరమే. ఆయనది ముత్తాతల నాటి నుంచీ బెంగళూరులో ఉన్న కుటుంబం, నాది తెనాలి వైపు. "నీది రేడియో తెలుగమ్మా, మాది అంగడి తెలుగు" అనేవారు. పొద్దున్నే గుమ్మంలో కనపడగానే "తిండి అయినాదా?" అని అడిగి, అయిందంటేనే మిషన్ ఆన్ చేసేవారు. కాలేదంటే తన చిత్రాన్నం డబ్బా నా వైపు తోసేవారు.

మొదటిసారి ఆ గదిలోకి వెళ్ళినప్పుడు బల్ల మీదున్న కార్డును తీయబోయాను. "ఆగమ్మా. ముందు కిటికీ కమ్మి ముట్టుకో" అన్నారు. మన ఒంట్లో ఉన్న కాస్త కరెంటు ఇనుములోకి పోవాలట, లేకపోతే కార్డులో ఏదో కాలిపోతుందట. అందుకోసం కిటికీ కమ్మికి బెత్తెడు మేర రంగు గీకి పెట్టారు. ఎడిటర్ వచ్చినా, కార్డులు తెచ్చే కంపెనీవాళ్ళు టై కట్టుకుని వచ్చినా, అది ముట్టుకునే బల్ల దగ్గరికి రావాలి. ఒకసారి ఒక సేల్స్ మేనేజర్ అదేదో మొక్కనుకుని కమ్మి ముట్టుకుని వేళ్ళు కళ్ళకద్దుకున్నాడు. నేను పుస్తకం అడ్డం పెట్టుకుని నవ్వాను. ఆయన నవ్వలేదు. "మంచిదేప్పా, అట్ల చేసినా కరెంటు పోతాది" అన్నారు.

పాతదాన్నీ కొత్తదాన్నీ పోల్చడంలో ఆయనకొక పట్టుదల ఉండేది. పాత కార్డును పోయిన నెలే కొలిచాం కదా, ఆ అంకెలే వాడేద్దాం అంటే వినేవారు కాదు. దాన్ని మళ్ళీ డబ్బాలోంచి తీసి, దుమ్ము ఊది, అదే మిషన్లో పెట్టి, అదే పూట కొత్తదానితో పాటు కొలవాల్సిందే. "పోయిన నెల ఎండ వేరే, ఈ నెల ఎండ వేరే. నడిపించే డ్రైవర్ సాఫ్ట్‌వేరు కూడా మారింటాది. ఇద్దర్నీ ఒకే పూట నిలబెట్టల్ల. కొత్తోడు వచ్చినాడని పాతోడికి పాత పుస్తకం చూసి మార్కులేస్తే అది న్యాయం కాదమ్మా" అనేవారు. నాకు నోరెక్కువ, ఓపిక తక్కువ. "అన్నా, అది మనిషి కాదు, రేకుముక్క" అనేదాన్ని. "రేకుముక్కయితే ఏం? దాని మీద అబద్ధం చెప్పచ్చునా?" అనేవారు.

కొలిచేందుకు మేము వాడింది ఒక తుపాకుల ఆట. అందులో ముందే రికార్డు చేసి పెట్టిన ఒక నడక ఉండేది. ఎప్పుడు నడిపించినా అదే దారి, అవే గదులు, అదే కాల్పులు. రోజుకు యాభై అరవై సార్లు ఆ దారిన పోయేవారు ఆయన. ఆ ఆట ఒక్కసారి కూడా ఆడలేదు. "ఆ తుపాకీ పట్టుకున్నోడు ఎవరన్నా?" అని అడిగితే, "ఏమో, దినామూ చూస్తాను, మాటల్లేవు మాకు" అన్నారు. కానీ ఆ దారిలో ఏ మలుపు దగ్గర ఏ కార్డుకు ఆయాసం వస్తుందో ఆయనకు కంఠతా. "ఇప్పుడు నీళ్ళొస్తాయి చూడు. నీళ్ళలో దీపం నీడ ఉండాది కదా, అక్కడ పాతది స్వల్ప తడబడతాది." తడబడేది. ఒక్కో కార్డును మూడుసార్లు నడిపించి, మొదటిసారి అంకె కొట్టేసేవారు. అది మిషన్ ఒళ్ళు విరుచుకోవడమట. అంకె తెర మీద పడకముందే కళ్ళతో చూసి "ముప్పై రెండు" అనేవారు. ముప్పై ఒకటో ముప్పై మూడో వచ్చేది. నేను ఎంత చూసినా నాకు ఇరవైకీ నలభైకీ తేడా తెలిసేది కాదు.

తెరకు ఒక వేగం ఉంటుంది. మా తెర సెకనుకు ఎనభై ఐదు సార్లు బొమ్మ మార్చేది. కార్డు అంతకన్నా వేగంగా గీయగలిగినా, తెర వేగాన్ని దాటకుండా పట్టి ఆపే సెట్టింగు ఒకటి ఉంటుంది. ఇంట్లో వాడుకునేవాళ్ళకు అది ఉండటమే మేలు, బొమ్మ చీలిపోకుండా కనపడుతుంది. కొలిచేవాళ్ళు మాత్రం దాన్ని తీసెయ్యాలి. తియ్యకపోతే ఎంత ఘనమైన కార్డయినా ఎనభై ఐదు దగ్గర ఆగిపోతుంది. ఆయన దానికి కళ్ళెం అని పేరు పెట్టారు. ఏ కార్డు మార్చినా ముందు అడిగేది ఆ ప్రశ్నే. "కళ్ళెం తీసినామా?" తన్ను తానే అడిగి, తెరిచి చూసి, టిక్కు తీసేసి, నోటు పుస్తకంలో ఒక గీత గీసుకునేవారు. నాకు విసుగ్గా ఉండేది. నేను తొందరపడి మౌస్ లాక్కుంటే "కొత్త బిచ్చగాడు పొద్దెరగడంట" అని నా చెయ్యి పక్కకు జరిపేవారు.

కొత్త సంచిక వచ్చిన రోజు ఆయన తెరిచేది ఒకే ఒక్క పేజీ. స్కేలు అడ్డం పెట్టి, అచ్చులో ఉన్న అంకెను పుస్తకంలో ఉన్న అంకెతో ఒక్కొక్కటే సరిచూసుకునేవారు. చివరికి స్కేలు పేజీ అడుక్కి జరిపి తన పేరు చూసి పుస్తకం మూసేసేవారు. ఎడిటర్‌కు ఇంజనీరింగ్ చదివినవాణ్ణి పెట్టుకోవాలని ఎప్పటినుంచో ఉంది. ఆయన దగ్గర డిగ్రీ లేదు, ఉన్నదల్లా తన చేతి కింద కొలత తప్పిపోదన్న నమ్మకం. ఆ ఉద్యోగం నిలిచింది దాని మీదే. ఆ సంగతి ఆయనకు తెలుసు, నాకూ తెలుసు.

ఇప్పుడు చెప్పాల్సింది చెప్తాను.

ఒక శుక్రవారం చాలా పెద్ద పేరున్న కొత్త కార్డు వచ్చింది. శనివారానికి పేజీలు ప్రెస్సుకు వెళ్ళాలి. ఆయన పొద్దున్నే పాతదాన్ని కొలిచేశారు, డెబ్భై ఎనిమిది వచ్చింది. ఆ వెంటనే కొత్తదాన్ని బిగించారు. నేను పక్కనే కూర్చుని ఉన్నాను. సెట్టింగు తెరిచారు, కళ్ళెం తీశారు. ఇది నేను నా కళ్ళతో చూశాను. నోటు పుస్తకం దగ్గరికి లాక్కుంటుండగా కింద నుంచి పిలుపొచ్చింది, ఇంటి నుంచి ఫోను. వాళ్ళమ్మ స్నానాల గదిలో జారిపడిందట, తుంటి విరిగినట్టుందట, ఆసుపత్రికి తీసుకెళ్తున్నారట. ఆయన చెప్పులు వేసుకుంటూనే "నువ్వు నడిపించమ్మా, అంతా రెడీ ఉండాది" అని మెట్లు దిగిపోయారు. పుస్తకంలో గీత గీయలేదు.

నేను నడిపించాను. మొదటిసారి సగంలోనే మిషన్ బిగుసుకుపోయింది. ఆపి మొదలెడితే ఆట తెరుచుకోలేదు. నాకు తెలిసిన వైద్యం ఒకటే, డ్రైవర్ మొత్తం తీసేసి మళ్ళీ వేశాను. మళ్ళీ వేస్తే సెట్టింగులన్నీ మొదటికి వస్తాయి. అంటే కళ్ళెం మళ్ళీ పడుతుంది. వెయ్యిసార్లు విన్న మాట, ఆ పూట గుర్తు రాలేదు.

ఎనభై ఐదు వచ్చింది. బొమ్మ పెద్దది చేసి చూసినా ఎనభై ఐదు, చిన్నది చేసినా ఎనభై ఐదు. ఎంత పని పెట్టినా అంకె కదలడం లేదంటే దాన్ని ఏదో పట్టుకుందని ఆయనకైతే ఒక్క చూపులో తెలిసేది. నాకు సంబరం వేసింది. ఇంత పేరున్న కార్డు పాతదాని కన్నా ఏడంటే ఏడు బొమ్మలు ఎక్కువా! పేరు గొప్ప ఊరు దిబ్బ అన్న అర్థం వచ్చేలా ఇంగ్లీషులో వెటకారంగా ఒక శీర్షిక పెట్టి, రెండు పేజీలు రాసి పారేశాను. ఆయన ఆసుపత్రి నుంచి సోమవారం వచ్చేసరికి అచ్చు అయిపోతోంది. "అంతా సరిగ్గా నడిచిందామ్మా?" అన్నారు. "నడిచిందన్నా" అన్నాను. మిషన్ బిగుసుకుపోయిన సంగతి చెప్పలేదు. చెప్పాల్సినంత పెద్ద విషయమని అప్పుడు నాకు తెలీదు, ఒట్టు.

పదిహేను రోజుల్లో ఉత్తరాలు రావడం మొదలైంది. మిగతా పత్రికల్లో అదే కార్డుకు నూట యాభై. కంపెనీవాళ్ళు మనిషిని పంపారు. ఎడిటర్ మా ఇద్దర్నీ గదిలోకి పిలిచి, పత్రిక బల్ల మీద పరిచి, ఆ వరసలో ఉన్న ఎనభై ఐదుల మీద వేలు పెట్టాడు. నాకు అర్థం కాలేదు. ఆయనకు అప్పుడే, ఆ క్షణంలోనే అర్థమైంది. ముఖం పాలిపోయింది. నోటు పుస్తకం తెరిచి ఆ శుక్రవారం పేజీ తీశారు. గీత లేదు. ఆ ఖాళీని చూసి, తలెత్తి నా వైపు చూశారు.

ఆ చూపు నేను ఏడేళ్ళు మోశాను. ఆయనకు తెలిసిపోయింది, నేను నోరు విప్పుతానని ఎదురుచూస్తున్నారు అనుకున్నాను. డ్రైవర్ మళ్ళీ వేసింది నేనే అని నాలుక చివరిదాకా వచ్చింది. నా అద్దె గది, ఇంటికి పంపాల్సిన డబ్బు, చేరి ఏడాది కూడా కాని ఉద్యోగం, అన్నీ గుర్తొచ్చాయి. నాకు నోరెక్కువని చెప్పాను కదా, ఆ రోజు మాత్రం అది పనిచెయ్యలేదు.

"కళ్ళెం తియ్యలేదు సార్" అన్నారు ఆయన. "నాదే తప్పు."

నన్ను కాపాడారని అనుకున్నాను. కృతజ్ఞతతో కుంగిపోయాను కూడా.

తరవాతి సంచికలో సవరణ వేయాలి. ఇంగ్లీషు రాసేది నేనే కాబట్టి అది కూడా నేనే రాశాను. పరీక్ష చేసిన సిబ్బంది పొరపాటు వల్ల అని నాలుగు లైన్లు. ఆయన నా కుర్చీ వెనక నిలబడి తెర వైపు చూశారు.

"ఏమని రాసినావమ్మా?"

"పొరపాటు జరిగిందని రాశానన్నా."

"నా పేరు పెట్టినావా?"

"లేదు."

"పెట్టల్ల కదమ్మా. సరిగ్గా వచ్చినప్పుడంతా పెట్టుకుంటిమి కదా."

పెట్టలేదు. ఆ నెలాఖరుకు ఆయన వెళ్ళిపోయారు. వెళ్ళేటప్పుడు ల్యాబులో ఉన్న పాత కార్డులన్నీ ఒక్కొక్కటి గుడ్డతో తుడిచి, ఏ డబ్బాలోది ఆ డబ్బాలో పెట్టారు. ఇంజనీరు వచ్చాడు. వాడు పాత కార్డులు మళ్ళీ కొలిచేవాడు కాదు, పాత అంకెలే వాడేవాడు. నేను ఇంకో ఏడాది ఉండి, కుందలహళ్ళి దగ్గర ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో రాతపనికి చేరాను.

రెండేళ్ళ తర్వాత కీబోర్డు కోసం ఎస్.పి. రోడ్డుకు వెళ్ళి, ఒక అంగడి మూల స్టూలు మీద ఆయన్ని చూశాను. జుట్టు తెల్లబడింది, కళ్ళజోడు వచ్చింది. సెకండ్‌హ్యాండ్ కార్డులు కొనేవాళ్ళకు పరీక్షించి చూపించడం అక్కడ ఆయన పని. నన్ను చూసి ముఖం విప్పారింది. "తిండి అయినాదామ్మా?" అన్నారు. ఎదురుగా ఉన్న మనిషికి ఒక పాత కార్డు నడిపించి చూపిస్తున్నారు. కళ్ళెం తీశారు. సెట్టింగు మూశారు. మళ్ళీ తెరిచి చూశారు. తీసే ఉంది. నడిపించడం మొదలుపెట్టి సగంలో ఆపి, మళ్ళీ తెరిచారు. తీసే ఉంది. కొనేవాడు గడియారం చూసుకున్నాడు. అంకె తెర మీద పడితే ఆయన చదవలేదు. "నువ్వే చదువప్పా, ఎంత ఉండాది?" అన్నారు. వయసు, కళ్ళు మందగించాయి అనుకున్నాను. అంకె పడకముందే చెప్పే మనిషి చదవమని ఇంకొకర్ని అడగడం నాకు వింతగా తోచలేదంటే, నేను ఎంత చూస్తున్నానో చూడండి.

పక్క హోటల్లో బై-టూ కాఫీ చెప్పారు. ఒక కాఫీని రెండు గ్లాసుల్లో పోసి, నురగ ఎక్కువున్న గ్లాసు నా వైపు జరిపారు.

"నీకు యాడా ఇబ్బంది కాలేదు కదమ్మా? ఆ విషయంలో, ఉద్యోగానికి?" అన్నారు.

"లేదన్నా." గ్లాసు చేతిలోకి తీసుకున్నాను. "అన్నా, ఆ రోజు సంగతి మీతో చెప్పాలి. ఆ రోజు నేను..."

"వదిలెయ్‌మ్మా" అన్నారు గ్లాసు కింద పెట్టి. "నీదేముంది దాంట్లో."

ఆ మాటతో నా గుండె మీది బరువు దిగిపోయింది. అంత పెద్ద మనసు ఉన్న మనిషితో అంతకుమించి మాట్లాడటం ఆయన్ని చిన్నబుచ్చడమే అనిపించింది. తప్పించుకోడానికి నాకు దొరికిన సాకులన్నింటిలో అది అందమైనది. ఆ రోజు బస్సులో కిటికీకి తలానించి మారతహళ్ళి దాకా హాయిగా నిద్రపోయాను. తర్వాత మూడు నాలుగుసార్లు ఆ అంగడికి వెళ్ళాను, కబుర్లు చెప్పుకున్నాం, కాఫీ తాగాం. ఆ ఊసు మళ్ళీ ఎత్తలేదు.

ఆయన పోయారని తెలిసిన ఆ రోజు, అంగడాయన చెప్పిన గుర్తుల ప్రకారం కాటన్‌పేటలో ఇల్లు పట్టుకునేసరికి నాలుగైంది. వీధిలోకి తెరుచుకునే ముందు గది, వెనక ఇంకో గది. ఆయన భార్య చేటలో కందిపప్పు ఏరుతోంది. నేనెవరో చెప్పేలోపే, "పత్రికలో పాపవి కదా? తెనాలి పాప?" అంది. చాప వేసింది. ఎట్లా జరిగిందో చెప్పింది, పొద్దున లేచి షర్టు వేసుకుంటూ కూర్చుండిపోయారట. "అత్త లోపల ఉండాది. కొడుకు పోయినాడని ఆయమ్మకు ఒక పూట తెలుస్తాది, ఒక పూట తెలీదు" అంది.

చేట మళ్ళీ ముందుకు లాక్కుంది.

"నిన్ను చానా తలచుకుంటా ఉండె" అంది ఆమె. "'పాపం ఆ పాపకు కూడా నా వల్ల మాటొచ్చింది, ఆ పేజీలో ఆ పాప పేరూ ఉండె కదా, ఆ దినం ఆ రూములో ఆ పాప ముఖం చూసి చచ్చిపోదామనిపించింది' అని అనేవాడు."

నాకు ఆ మాట ఒక పట్టాన లోపలికి పోలేదు. "ఎవరి వల్ల?" అన్నాను.

"తన వల్లే. అదేందో కళ్ళెమంట, తియ్యకుండా వచ్చేసినాడంట, అత్త పడిందన్న తొందరలో. తీసినట్లే ఉండాది, కానీ గీత లేదు, గీత లేదు అని ఎన్నిసార్లు అనుకున్నాడో. ఆపైన మనిషే మారిపోయినాడమ్మా. తాళం వేసి వీధి చివరి దాకా పోయి తిరిగొచ్చేవాడు, వేసినానా అని. గ్యాసు మూసినానా అని. చేసిందే చేసేది. ఇంత సేపైతే యాపారం ఎట్లని అంగడాయన కూడా బేజారైపోయినాడు. నా చేతి మీద నాకే నమ్మకం పోయింది అనేవాడు." ఆమె పప్పులో రాయి తీసి గుమ్మం బయటికి విసిరింది. "లోపల అత్త ఇంకొక పక్క. నేను ఆ దినం జారిపడకుంటే నా కొడుకు పని పోయేది కాదని ఇప్పటికీ ఏడుస్తాది. అదొక్కటీ మర్చిపోలేదు చూడు."

ఆయన నన్ను కాపాడలేదు. క్షమించనూ లేదు. క్షమించాల్సింది ఏదో ఉందని కూడా ఆయనకు తెలియదు. ఎడిటర్ గదిలో ఆ చూపుతో నన్ను క్షమాపణ అడిగారు, అది నేను ఔదార్యం అనుకున్నాను. కాఫీ గ్లాసు ముందు పెట్టుకుని 'నీదేముంది' అన్నది నిజంగానే అన్నారు. ఆయన చేతిది తప్పు కాదని చెప్పగలిగిన మనిషి ఈ లోకంలో ఒక్కదాన్నే ఉన్నాను, నురగ ఎక్కువున్న గ్లాసు తాగి బస్సెక్కి నిద్రపోయాను.

"అక్కా, ఆయన మర్చిపోలేదు" అన్నాను. "తీశారు. నేను పక్కన కూర్చుని చూశాను. ఆయన వెళ్ళాక మిషన్ ఆగిపోతే నేను మళ్ళీ అంతా వేశాను. దాంతో కళ్ళెం పడింది. నేను చూసుకోలేదు. ఎవరికీ చెప్పలేదు."

చేటలో ఆమె చెయ్యి ఆగింది.

"ఆయప్పకు కూడా చెప్పలేదా?"

"ఆయనకు తెలుసు అనుకున్నా."

ఆమె తిడుతుందని చూశాను. తిడితే బాగుండేది. చేట పక్కన పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుని లేచింది. నా మణికట్టు పట్టుకుంది, గట్టిగానే. "రా" అని లోపలి గదిలోకి తీసుకెళ్ళింది. మంచం మీద ముసలామె గోడకు ఆనుకుని కూర్చుని ఉంది, పక్కన నడవడానికి వాడే నాలుగు కాళ్ళ కర్ర.

"అత్తకు చెవులు స్వల్ప మందం" అంది ఆయన భార్య. "దగ్గర కూర్చోని ఆ మాట చెప్పు."

మంచం పట్టె మీద కూర్చున్నాను. "అమ్మా, ఆ రోజు అన్న తప్పు చెయ్యలేదు. ఆయన పని పోయింది మీరు పడినందుకూ కాదు. తప్పు చేసింది నేను" అన్నాను. వినపడలేదు, చెవి వెనక చెయ్యి పెట్టుకుంది. మళ్ళీ చెప్పాను, అరిచినట్టుగా. వీధి కిటికీ తెరిచే ఉంది. పంపు దగ్గర బిందెలు పెట్టుకున్నవాళ్ళు ఇటు తిరిగి చూశారు.

ముసలామె నా ముఖంలోకి చాలాసేపు చూసింది. తర్వాత కోడలి వైపు తిరిగింది.

"వాడు రాగానే ఈ మాట చెప్పల్లమ్మే" అంది. "పాపం, ఎంత బేజారు పడినాడో."

"చెప్దాంలే అత్తా" అంది కోడలు.